వేరే కత్తి ఎవరి కోసం?

‘నా కాలిగోటికి సరిపోవు’ అన్న తిట్టు తెలుగు నేలపై వినని వారుండరు. ఎదుటి మనిషిని ఎంత తక్కువ చేయవచ్చో అంత తక్కువ చేయడానికి మన సమాజం ఎంచుకున్న కొలబద్ద అది. శిరస్సు నుంచి పాదం వరకు శరీరాన్ని మెట్లుగా విభజించి, ఆ మెట్లకు మనుషులను కట్టివేసిన వర్ణభావన ఆ చిన్న మాటలో నిక్షిప్తమై ఉంది. పాదమే అధమమైనప్పుడు దాని కొసన పెరిగే గోరు మరింత అధమం. ఆ గోరును చేతిలోకి తీసుకొని శుభ్రం చేసే మనిషి స్థానమేమిటో వేరే చెప్పనక్కరలేదు. అదే కాలిగోరు ఇవాళ నగరంలో వందలకు, వేలకు ధర పలుకుతోంది. పెడిక్యూర్, మేనిక్యూర్, జెల్ పాలిష్, నెయిల్ ఎక్స్‌టెన్షన్ అన్న పేర్లతో నెయిల్ స్టూడియోలు వెలుస్తున్నాయి. వాటి ప్రచారంలో ‘హైజీన్’ అన్న మాట మొదటి వరుసలో ఉంటుంది. ఆ శుభ్రతను కోరే హక్కు ఎవరికి దక్కింది, దాని భారం ఎవరి మీద పడుతోంది అన్న ప్రశ్నలు మాత్రం ఆ ప్రచారంలో కనిపించవు.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని మంచాల మండలం ఈ ప్రశ్నలు వేయడానికి తగిన చోటు. నగరానికి మరీ దగ్గర కాదు, మరీ దూరమూ కాదు. ఆరుట్ల, జాపాల, నోముల, లింగంపల్లి వంటి గ్రామాల పిల్లలు పొద్దున్నే బస్సెక్కి ఇబ్రహీంపట్నం చేరుకుంటారు; అక్కడి నుంచి సాగర్ రోడ్డు మీదుగా ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కళాశాలలకూ కోచింగ్ కేంద్రాలకూ వెళ్తారు. ఆ దారికి ఒక కొసన చెక్క కుర్చీ, అద్దం, రేడియో ఉన్న ఊరి సెలూన్. మరో కొసన ఏసీ గదిలో చిన్న దీపాల కింద చేతులు చాపి కూర్చునే నెయిల్ స్టూడియో. పెళ్లి కుదిరిన అమ్మాయి ఫోనులో దాచుకున్న నెయిల్ ఆర్ట్ బొమ్మను చూపించి అలాగే కావాలంటుంది. ఆమె తాత తన పెళ్లిలో ఊరి మంగలి చేత కాళ్ల గోళ్లు తీయించుకున్నాడు. రెండూ ఒకే పని. మధ్యలో మారిన వాటిని అందరూ చూస్తున్నారు. మారని వాటి గురించే ఈ వ్యాసం.

తెలంగాణ గ్రామంలో మంగలి కులం చేసిన సేవలు జుట్టుకూ గడ్డానికీ పరిమితమైనవి కావు. ఆ కుటుంబపు పురుషుని చంకలోని పొదిలో కత్తి, కత్తెర, సాన, గిన్నెతో పాటు గోరుగల్లు, అంటే గోళ్లు తీసే చిన్న ఇనుప పనిముట్టు కూడా ఉండేది. పుట్టువెంట్రుకలు తీసేది అతడే. పెళ్లిలో వధూవరుల గోళ్లు తీసేది, సన్నాయి ఊదేది, డోలు కొట్టేది అతడే. చావు తర్వాత కర్మనాడు శిరోముండనం చేసేదీ అతడే. పుండ్లకు, సెగగడ్డలకు మందు వేసిన గ్రామీణ వైద్యుడు ఆ కులం వాడు. కాన్పులు చేసిన మంత్రసానులలో ఆ కులపు స్త్రీలు ఎందరో. మనిషి శరీరం తెరుచుకునే ప్రతి సందర్భంలోనూ ఆ చేతులు అవసరమయ్యాయి. ఆ సేవలకు ప్రతిఫలంగా దక్కింది ఏడాదికోసారి కల్లం దగ్గర కొలిచిన మేర గింజలు. నిజాం కాలంలో దొరల గడీల్లో ఆ గింజలు కూడా దక్కని వెట్టి నడిచింది. పగలంతా క్షౌరం చేసి, రాత్రి దొర కాళ్లు పిసకాల్సిన బాధ్యత కూడా మంగలిదే. ఇవాళ పెడిక్యూర్ ప్యాకేజీలో ‘ఫుట్ మసాజ్’ పేరుతో బిల్లులో కనిపించే పని, రెండు మూడు తరాల క్రితం ఈ నేల మీద కూలి లేని వెట్టి చాకిరీ.

ఇంతగా శరీరాన్ని అప్పగించిన సమాజం ఆ చేతులను ఎలా చూసింది? క్షౌరం చేయించుకున్న వ్యక్తి స్నానం చేస్తే తప్ప ఇంట్లోకి రాకూడదు. పొద్దున్నే ఎదురైతే అపశకునం. పూజకు, వంటకు అతని స్పర్శ పనికిరాదు. ఇదంతా శుభ్రత కోసమే పెద్దలు పెట్టిన ఆచారమని నేటికీ వాదించేవారున్నారు. అదే నిజమైతే నియమాలన్నీ కత్తి చుట్టూ ఉండాలి. ఒకరి గడ్డం గీసిన కత్తిని మరొకరికి వాడే ముందు వేడినీళ్లలో మరిగించాలన్న ఆచారం ఎక్కడైనా ఉందా? గోరుగల్లును కాల్చి వాడాలన్న కట్టుబాటు ఏ ఇంట్లోనైనా పాటించారా? లేదు. పొదిలోని అదే కత్తి ఊరంతా తిరిగింది. దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానమంతా దాన్ని పట్టుకున్న మనిషి మీదే. మడి అన్నది మనిషి పుట్టుకను పరీక్షించే పద్ధతి. పరిశుభ్రత పనిముట్టును పరీక్షించే పద్ధతి. ఈ రెండింటినీ ఒకటిగా చూపడం వల్ల కులానికి శాస్త్రం ముసుగు దొరికింది; శాస్త్రానికి మాత్రం మన ఊళ్లలో చోటు దొరకలేదు.

పనిముట్టును పరీక్షించడం ఎందుకు అవసరమో కొంత వివరంగా చెప్పుకోవాలి. గోరు మొదట్లో చర్మం ఒక పలుచని పొరలా అంటుకొని ఉంటుంది. క్రిములు లోపలికి పోకుండా కాపాడే సహజమైన అడ్డుగోడ అది. అందం కోసం దాన్ని కత్తిరించినా, వెనక్కి గట్టిగా నెట్టినా ఆ గోడకు గండి పడుతుంది. మన పెద్దలు గోరుచుట్టు అని పిలిచే చీముపోటు తరచూ అక్కడే మొదలవుతుంది. రక్తపు చుక్క కంటికి కనిపించకపోయినా హెపటైటిస్-బి వైరస్ పనిముట్ల మీద కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగలదు. గోళ్లకు పట్టే ఫంగస్ ఒకసారి అంటుకుంటే నెలల తరబడి మందులు వాడాలి. మధుమేహం ఉన్నవారికి కాలిమీద చిన్న గాటు కూడా ప్రమాదమే. లోహపు పనిముట్లను ముందు సబ్బుతో తోమి, ఆ తర్వాత ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో, ఒత్తిడి కింద, కనీసం 15 నిమిషాలు ఉంచాలి. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పనిచేసే సూత్రమే ఇది. గోళ్లను అరగదీసే గరుకు పట్టీలను ఎంత కడిగినా శుభ్రం కావు గనుక ఒకరికి వాడినది మరొకరికి వాడరాదు. చాలా పార్లర్లలో నీలిరంగు కాంతితో మెరిసే పెట్టె ఒకటి కనిపిస్తుంది. అందులో పెట్టిన కత్తెర శుద్ధి అయిపోయిందని కస్టమర్ నమ్ముతారు. ఆ కాంతి తగిలిన మేరకే పనిచేస్తుంది. మడతల్లో, కీలు సందుల్లో ఉన్న మురికిని అది తాకలేదు. శుద్ధి చేసిన పనిముట్లను దాచుకోవడానికి అది పనికొస్తుందేమో గానీ శుద్ధి చేయడానికి చాలదు.

ఇక దళితుల సంగతి. ఊరి మంగలి పొది ఊరంతా తిరిగిందని చెప్పుకున్నాం. ఆ ‘ఊరు’లో వాడ లేదు. మాల, మాదిగ పేటల్లో మగవాళ్లు ఒకరికొకరు గడ్డం గీసుకున్నారు. సెలూన్లు వచ్చాక ఒకచోట ప్రవేశం నిరాకరణ, మరోచోట వేరే కుర్చీ, ఇంకోచోట వేరే కత్తి, వేరే తువ్వాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళితుల స్థితిగతులపై విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ ముందుకు రెండు గ్లాసుల పద్ధతితో పాటు క్షౌర సేవల నిరాకరణ కూడా వచ్చింది. 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో జరిపిన అధ్యయనం 2006లో పుస్తకంగా వెలువడింది. అంటరానితనం విస్తృతంగా కొనసాగుతున్న రూపాల్లో క్షౌరశాల ఒకటని అది నమోదు చేసింది. కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం తెలుగు రాష్ట్రాల్లో అనేక గ్రామాల్లో దళితులను వెంటబెట్టుకొని సెలూన్లలో కూర్చోబెట్టే కార్యక్రమాలు చేయాల్సి వచ్చింది. క్షౌరం చేయించుకోవడం కోసం ఉద్యమించాల్సి రావడాన్ని మన విద్యార్థి లోకం ఒకసారి నిదానంగా ఆలోచించాలి.

రాజ్యాంగ నిర్మాతలకు ఇది చిన్న విషయంగా తోచలేదు. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ప్రస్తుత 15వ అధికరణ ముసాయిదాపై చర్చ జరిగినప్పుడు, అందులోని ‘దుకాణం’ అన్న మాటకు అర్థం ఏమిటన్న సందేహం వచ్చింది. సరుకులు అమ్మే చోటుకే ఆ మాటను పరిమితం చేయరాదని అంబేడ్కర్ వివరించారు. షరతులకు ఒప్పుకొని వచ్చిన ఎవరికైనా సేవ అందించడానికి సిద్ధపడి తెరిచిన ప్రతి చోటూ దుకాణమేనని, లోపలికి రానివ్వడంతో సరిపోదని, సేవను పొందే హక్కు కూడా అందులో ఇమిడి ఉందని ఆయన భావం. 15(2) అధికరణకు, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణకు కొనసాగింపుగా వచ్చిన 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఆరో సెక్షన్ సేవల నిరాకరణను నేరంగా ప్రకటించింది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణలను స్పష్టంగా నేరాల జాబితాలో చేర్చింది. చట్టాలకు కొరత లేదు.

అయితే ఆ కేసుల్లో బోనెక్కేది ఎవరు? చాలా సందర్భాల్లో సెలూన్ నడిపే నాయీబ్రాహ్మణుడే. దళితుడికి గడ్డం గీస్తే మేం రాము అని హెచ్చరించిన భూస్వామ్య కులాల పెద్దలు ఎఫ్ఐఆర్‌లో కనిపించరు. దళితుడిని వెనక్కి పంపిన చేతి వెనుక మరో చేయి ఉంది. బీసీ-ఎ జాబితాలోని ఒక చిన్న కులం ఊరి బలవంతుల మీద ఆధారపడి బతుకుతూ, తనకంటే కింద ఉన్నవారిని దూరం పెడితేనే తన మెట్టు నిలుస్తుందని నమ్మేలా ఈ వ్యవస్థ చేసింది. ఇది నేరాన్ని మాఫీ చేసే వాదన కాదు. కుర్చీ దగ్గర నిలబడ్డవాడినే శిక్షించి, కుర్చీలో కూర్చుని ఆజ్ఞాపించినవాడిని వదిలేస్తే చట్టం సగం పనే చేసినట్టని చెప్పడం దీని ఉద్దేశం.

‘వేరే కత్తి’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పరిశుభ్రత పాఠాలు కూడా వేరే కత్తి, వేరే తువ్వాలు అనే చెబుతాయి. అంటరానితనమూ అదే చెప్పింది. తేడా ఎక్కడుంది? ఆధునిక ఆరోగ్యశాస్త్రం ప్రతి మనిషికీ వేరే కత్తి ఉండాలంటుంది; కలెక్టర్‌కైనా కూలికైనా, తన రక్తం మరొకరికి అంటకూడదు, మరొకరిది తనకు అంటకూడదు అన్న ఒకే నియమం. కులం ఒక్క వాడకే వేరే కత్తి కేటాయించి, మిగిలిన ఊరంతటికీ ఒకే కత్తిని నిశ్చింతగా తిప్పింది. అందరికీ విడివిడిగా ఉంటే అది శుభ్రత. కొందరికే విడిగా ఉంటే అది అంటరానితనం. మన సెలూన్లలో, పార్లర్లలో ఏది నడుస్తోందో తేల్చుకోవడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు.

ఊరి క్షౌరవృత్తిదారులు మార్పుకు మొండికేశారన్నది అపవాదు. ఎయిడ్స్ భయం వ్యాపించిన రోజుల్లో ప్రతి కస్టమర్‌కూ కొత్త బ్లేడు వాడాలన్న ప్రచారం సాగింది. పాత మడత కత్తి పోయి బ్లేడు మార్చే కత్తి వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి ఒక బ్లేడును సగానికి విరిచి ఇద్దరికి వాడారు గానీ, ఒకరికి వాడిన సగాన్ని మరొకరికి వాడకూడదన్న నియమం మారుమూల పల్లెల్లో సైతం స్థిరపడింది. ఎవరూ లైసెన్సు పెట్టలేదు, ఎవరూ సబ్సిడీ ఇవ్వలేదు. కుర్చీలో కూర్చున్న మనిషి ‘కొత్త బ్లేడు వేయి’ అన్నాడు, నిలబడ్డ మనిషి వేశాడు. ఇటీవలి దశాబ్దాల్లో గ్రామీణ ప్రజారోగ్యంలో ఇంత నిశ్శబ్దంగా గెలిచిన సంస్కరణ మరొకటి ఉందా అన్నది నా అనుమానం. దాని ఘనతను ఆ వృత్తిదారులకు ఎవరూ ఇవ్వలేదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం అందరికంటే ముందు మూతపడినవాటిలో వారి దుకాణాలున్నాయి. తెరిచాక కూడా అనుమానపు చూపులే. మరోవైపు పెట్టుబడి బలంతో గొలుసు సెలూన్లు విస్తరించాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కార్పొరేట్ సెలూన్లకు వ్యతిరేకంగా నాయీబ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కిన సందర్భాలను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

ఆ గొలుసు సెలూన్లు, నెయిల్ స్టూడియోలు అమ్ముతున్న ‘హైజీన్’లో ఆరోగ్యశాస్త్రం ఎంత, కులాభిరుచి ఎంత అన్నది విడదీసి చూడాలి. కస్టమర్ ఆశించే వాటిని గమనించండి. గదిలో పరిమళం ఉండాలి. తెల్లని తువ్వాలు ఉండాలి. సిబ్బంది ఏకరూప దుస్తుల్లో ఉండాలి, నాలుగు ఇంగ్లిషు ముక్కలు మాట్లాడాలి. వీటిలో ఏదీ ఫంగస్‌ను చంపదు. ‘మంగలి షాపులో కాదు, పార్లర్‌లో చేయించుకున్నాను’ అన్న వాక్యంలో వినిపించేది శుభ్రత గురించిన ఆందోళన కన్నా హోదా గురించిన ఆరాటం. మెరుపు భద్రతకు హామీ కాదనడానికి ఉదాహరణలున్నాయి. 2022 జనవరిలో ముజఫర్‌నగర్‌లో జరిగిన ఒక శిక్షణ కార్యక్రమంలో దేశమంతా పేరున్న హెయిర్ స్టైలిస్ట్ ఒకరు వేదిక మీద ఒక మహిళ తలపై ఉమ్మిన దృశ్యం బయటికొచ్చి కేసు దాకా వెళ్లింది. ఊరి సెలూన్‌లో ఎవరైనా అలా చేసి ఉంటే ఆ కులం మొత్తాన్ని తిట్టిపోసేవారు. పేరున్న వ్యక్తి గనుక అది ఒక మనిషి తప్పుగా మిగిలిపోయింది. అమెరికాలో, కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో 2000వ సంవత్సరంలో ఒకే నెయిల్ సెలూన్‌కు వెళ్లిన వందమందికి పైగా మహిళల కాళ్లపై మానని సెగగడ్డలు లేచాయి. కాళ్లు నానబెట్టే తొట్టెల్లో, నీటిని పీల్చే జల్లెడ వెనుక పేరుకుపోయిన వెంట్రుకలు, చర్మపు పొట్టులో క్షయ క్రిమికి బంధువైన సూక్ష్మజీవి పెరిగిందని పరిశోధకులు తేల్చారు. పైకి తళతళలాడిన తొట్టె అది.

కాబట్టి కస్టమర్ అడగవలసినవి వేరు. పనిముట్ల సంచి నా ముందే విప్పుతారా? గోరు అరగదీసే పట్టీ కొత్తదా? తొట్టెను ఒకరి తర్వాత మరొకరికి మధ్య దేనితో కడుగుతున్నారు, ఎంతసేపు? ఇలా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అయితే అడిగే శక్తి సమాజంలో సమానంగా పంచబడలేదు. ఇబ్రహీంపట్నం వాసులకు ఇది బాగా తెలుసు. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు మరణించారు. మిగిలినవారిని పరీక్షల కోసం, చికిత్స కోసం నగరంలోని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. ఇన్‌ఫెక్షన్ నియంత్రణలో వైఫల్యం విచారణలో ప్రధానాంశమైంది, బాధ్యులపై చర్యలు ప్రకటించారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆ మహిళల్లో ఎవరైనా ‘ఈ పనిముట్లు నాకు ముందు ఇంకొకరికి వాడినవా, వాటిని ఎలా శుద్ధి చేశారు’ అని అడగగలిగి ఉండేవారా? అడిగితే ఏ సమాధానం దొరికేది? గోళ్ల రంగుకు డబ్బు చెల్లించే స్త్రీకి ఉన్న ప్రశ్నించే హక్కు, ప్రభుత్వ శస్త్రచికిత్స బల్ల మీద పడుకున్న స్త్రీకి లేకపోయింది. గోరు గురించిన వ్యాసంలో ఈ మరణాల ప్రస్తావన అతికినట్టు కొందరికి అనిపించవచ్చు. పనిముట్టు శుభ్రత పేదలకు ప్రాణసమస్య, సంపన్నులకు సేవా నాణ్యత. రెండూ ఒకే సమస్యకు రెండు కొసలు.

ఇంతవరకు కుర్చీలో కూర్చున్నవారి గురించి మాట్లాడాం. కాళ్ల దగ్గర చిన్న పీట మీద కూర్చుని పనిచేసే ఆడపిల్ల సంగతేమిటి? నెయిల్ స్టూడియోల్లో పని ఎక్కువగా యువతులది. ఊళ్ల నుంచి నగరానికి వచ్చిన దళిత, బీసీ కుటుంబాల పిల్లలు, ఈశాన్య రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారు ఇందులో ఉన్నారు. వారు పీల్చే గాలిలో అసిటోన్ ఆవిరి, అక్రిలిక్ ధూళి ఉంటాయి. కొన్ని పాలిష్‌లలో టొల్యూన్, ఫార్మల్డిహైడ్ వంటి రసాయనాలు ఉండేవి; నేటికీ చవకరకం సీసాల మీద ఏమి రాసి ఉందో చదివే తీరిక ఎవరికీ లేదు. జెల్ పాలిష్‌ను కాంతిలో గట్టిపరిచేందుకు వాడే టీపీఓ అనే రసాయనం పునరుత్పత్తి ఆరోగ్యానికి హాని చేయవచ్చన్న కారణంతో యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని గోళ్ల ఉత్పత్తుల్లో నిషేధించింది. నెలకోసారి వచ్చే కస్టమర్‌కు అది కొద్దిసేపటి వ్యవహారం. రోజుకు ఎనిమిది, పది గంటలు అక్కడే కూర్చునే అమ్మాయికి అది జీవితం. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న దుకాణం గనుక సాధారణంగా ఆమెకు ఈఎస్ఐ వర్తించదు. ‘క్లయింట్ అంచనాలు’ అని వ్యాపార శిక్షణలో నూరిపోసే పాఠంలో ఆమె ఊపిరితిత్తులకు చోటుండదు.

ఇది మన ఒక్కరి దౌర్భాగ్యమే కాదు. వియత్నాం యుద్ధం ముగిసిన 1975లో కాలిఫోర్నియా శరణార్థి శిబిరంలోని కొందరు వియత్నాం స్త్రీలకు నటి టిప్పి హెడ్రెన్ చొరవతో గోళ్ల పని నేర్పించారు. ఆ తర్వాత అమెరికాలో అది వియత్నాం వలసదారుల వృత్తిగా స్థిరపడింది. 2015లో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన పరిశోధనాత్మక కథనం ఆ నగరపు నెయిల్ సెలూన్లలో జాతిని బట్టి వేతనాలు మారుతున్నాయని, కొరియన్ల కంటే ఇతర ఆసియన్లకు, వారి కంటే లాటిన్ అమెరికా స్త్రీలకు తక్కువ ముడుతోందని వెల్లడించింది. ఆ కథనంలోని కొన్ని అంశాలపై తర్వాత వివాదం నడిచినా, న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం కార్మికులకు గ్లవ్స్, మాస్కులు ఇవ్వాలని, వారి హక్కులను సెలూన్ గోడపై వారికి అర్థమయ్యే భాషల్లో అంటించాలని ఆదేశించింది. కులం లేని చోట కూడా ‘పాదాల దగ్గరి పని’ నిచ్చెన అడుగున ఉన్నవారినే వెతుక్కుంటుంది. కులం ఉన్న చోట వెతకాల్సిన శ్రమ కూడా ఉండదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అదే సెలూన్‌లో గోడకు వేలాడే లైసెన్సు చూసి కూర్చుంటాయి. సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు పనిచేసే పిల్ల ఊరు, ఇంటిపేరు ఆరా తీస్తాయి. గ్లవ్స్ గురించి ఒక మాట చెప్పాలి. అవి ఇద్దరినీ కాపాడతాయి. మనిషికో జత మార్చినప్పుడే. నువ్వు నన్ను నేరుగా తాకకూడదన్న అర్థంలో కస్టమర్ గ్లవ్స్ కోరితే అది రబ్బరుతో చేసిన పాత మడి.

ప్రభుత్వాల వైఖరి ఏమిటి? తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ 1 నుంచి నాయీబ్రాహ్మణుల సెలూన్లకు, రజకుల లాండ్రీలకు, దోబీఘాట్‌లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ప్రకటించింది. మంచి పథకమే. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షౌరవృత్తి ఒకటి. కొద్దిరోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, 15 వేల రూపాయల పనిముట్ల సాయం, ఐదు శాతం వడ్డీకి రుణం అందులో ఉన్నాయి. ఈ పథకం పిల్లలను తాతల వృత్తికే కట్టేస్తుందన్న విమర్శతో తమిళనాడు దానికి దూరంగా ఉంది. ఆ విమర్శలో బలముంది. నాయీబ్రాహ్మణ యువకుడు మంచాల నుంచి నగరానికి వెళ్లి ఇంజినీరు కావాలనుకుంటే ఆ దారి వెడల్పు చేయడమే ప్రభుత్వాల మొదటి బాధ్యత. అదే సమయంలో ఆ కుర్చీనే నమ్ముకున్న వేలాది కుటుంబాల చేతిలోని పనిముట్టు భద్రంగా ఉండటం కూడా ప్రభుత్వాల బాధ్యతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కులాన్ని కించపరిచే పదాలు వాడితే శిక్ష తప్పదని ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. మాటలను నిషేధించడం సులువు. గౌరవం కూలి రూపంలో, బీమా రూపంలో, గాలి ఆడే గది రూపంలో రావడం కష్టం.

పరిశుభ్రత ప్రమాణాలు కావాలి. వాటిని లైసెన్సు రాజ్‌గా మార్చి, ఆటోక్లేవ్ లేదన్న సాకుతో ఊరి సెలూన్‌కు తాళం వేసి గొలుసు సెలూన్‌కు మార్గం సుగమం చేస్తే అది సంస్కరణ పేరిట జరిగే ఆక్రమణ. ఉచిత విద్యుత్తు ఇచ్చే ప్రభుత్వం ఆ విద్యుత్తుతో నడిచే చిన్న ఆవిరి శుద్ధి యంత్రాన్ని కూడా ఇవ్వవచ్చు. విశ్వకర్మ పనిముట్ల పెట్టెలో దాన్ని చేర్చవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది ఏడాదికి రెండుసార్లు మండలంలోని సెలూన్, పార్లర్ నిర్వాహకులను పిలిచి శుద్ధి విధానాన్ని చేసి చూపించవచ్చు. అదే రోజున వారికి హెపటైటిస్-బి టీకా వేయవచ్చు. రక్తం అంటే పనిలో ఉన్న ఆస్పత్రి సిబ్బందికి ఆ టీకా అవసరమని ఒప్పుకున్నవారు, రోజూ కత్తి పట్టే క్షౌరవృత్తిదారునికి ఎందుకు గుర్తు చేసుకోరు? గోళ్ల పనిలో శిక్షణ ఇచ్చే కేంద్రాలు అన్ని కులాల యువతీయువకులకు తెరుచుకోవాలి. ఆధిపత్య కులాల పిల్లలు కూడా ఆ చిన్న పీట మీద కూర్చుని ఇంకొకరి కాలు ఒడిలో పెట్టుకునే రోజు వస్తే, ఆ పనికి వచ్చే కూలి కూడా తనంతట తానే పెరుగుతుందని నా నమ్మకం.

మంచాల మండలంలో దీన్ని మొదలుపెట్టడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ప్రతి నెలా గ్రామాల్లో రెవెన్యూ, పోలీసు అధికారులు పౌరహక్కుల దినం జరపాలన్న నియమం ఇప్పటికే ఉంది. చాలాచోట్ల అది పాఠశాల ఆవరణలో నాలుగు ఉపన్యాసాలతో, ఒక ఫొటోతో ముగుస్తుంది. తహసీల్దారు, సబ్ ఇన్‌స్పెక్టర్ వారితో పాటు ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి ఆ రోజున ఊరి సెలూన్‌లో కూర్చుని మాట్లాడితే సమావేశం రూపమే మారిపోతుంది. వాడ నుంచి వచ్చిన యువకుడు ఏ కుర్చీలో కూర్చుంటున్నాడు, అతనికి వాడే తువ్వాలు ఏ మేకుకు వేలాడుతోంది, అతనికి కత్తి పెడితే మేం రామని బెదిరించినవారు ఎవరు అన్నది తహసీల్దారు రాసుకోవాలి. బ్లేడు ఎక్కడ పారేస్తున్నారు, కత్తెరను దేనిలో మరిగిస్తున్నారు, ఆ పని నేర్పించడానికి ఇంతవరకు ఎవరైనా వచ్చారా అన్నది వైద్యాధికారి రాసుకోవాలి. రెండు కాగితాలూ ఒకే ఫైలులో కలెక్టరేట్‌కు చేరాలి.